మిగిలిపోయిన 2025 పికప్ ట్రక్ కొనొచ్చా? ఏ ఇంజిన్, ఏ ఇంధనం?

మీ ప్రశ్నని ముందు ఒకసారి చెప్పుకుంటాను, నేను ఏదైనా తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి. 2026 మోడళ్ళు లాట్‌లోకి వచ్చేశాయి. మీ దగ్గర్లోని ఫోర్డ్ డీలర్ దగ్గర మూడు 2025 ఎఫ్-150లు మిగిలిపోయాయి: ఒకటి 2.7 టర్బో, ఒకటి 5.0 వీ8, ఒకటి హైబ్రిడ్. ఇంకో డీలర్ దగ్గర 3.0 డీజిల్ షెవర్లే సిల్వరాడో ఉంది, అదీ 2025దే. ఎనిమిది వేల డాలర్ల దాకా తగ్గిస్తామంటున్నారు. మీ ఆఫీసు ఇంటికి ఆరు మైళ్ళు. సామానుతో కలిపి 6,500 పౌండ్లు తూగే క్యాంపర్ ట్రైలర్‌ని ఏడాదికి ఆరేడుసార్లు లాగుతారు. అందులో ఒకటి ప్రతి ఎండాకాలం టెక్సస్ నుంచి కొలరాడో ప్రయాణం. బండిని పదేళ్ళు ఉంచుకుంటారు. నలుగురు కుటుంబం. పాత మోడల్ కొంటే నష్టపోతామా, ఏ ఇంజిన్ తీసుకోవాలి, అందులో ఏం పోయించాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. కొనండి. డీజిల్ మాత్రం వద్దు. మీ వాడకానికి 2.7 టర్బో సరిపోతుంది. రోజూ 87 ఆక్టేన్ పెట్రోల్, కొండల్లో ట్రైలర్ లాగే రోజుల్లో ప్రీమియం. కానీ సంతకం పెట్టేముందు డ్రైవర్ తలుపు పక్కనున్న పేలోడ్ (బండి తన మీద మోయగల బరువు) స్టిక్కర్ చదవండి. ఇంజిన్ కంటే ఆ స్టిక్కరే ముఖ్యం.

నేను 2011 నుంచి పెళ్ళి మండపాల డెకరేషన్ పని చేస్తున్నాను. మండపం స్తంభాలు, సోఫాలు, లైట్లు, జనరేటర్ అన్నీ ట్రైలర్‌లో వేసుకుని వారం వారం తిరుగుతాను. ఇప్పుడు నడుపుతున్నది నా నాలుగో ట్రక్కు. ఆ నాలుగింట్లో రెండు ఇలా మోడల్ మారాక మిగిలిపోయినవే. ఒకటి బాగా కలిసొచ్చింది, ఇంకోటి నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. ఆ రెండోదానికి కారణం పాత మోడల్ కావడం కాదు. తగ్గింపు చూసి నా పనికి సరిపోని ఇంజిన్ తీసుకున్నాను.

ముందు ధర సంగతి.

డీలర్ చెప్పే "ఎనిమిది వేలు తగ్గింపు" కిటికీ స్టిక్కర్ మీద కంపెనీ వేసిన ధర మీద. కానీ కొత్త 2026 కూడా ఎవరూ స్టిక్కర్ ధరకి కొనరు కదా. ఒక లెక్క చూడండి. 2025 స్టిక్కర్ 62,000 అనుకుందాం, ఎనిమిది వేలు తగ్గిస్తే 54,000. అదే ట్రిమ్‌లో (సదుపాయాల స్థాయిలో) 2026 స్టిక్కర్ 63,500, బేరం ఆడితే నాలుగు వేలు తగ్గి 59,500కి వస్తుంది. అంటే మీకు నిజంగా మిగిలేది ఎనిమిది వేలు కాదు, ఐదున్నర వేలు. అందుకని రెండు బండ్లకీ పన్నులు, ఫీజులు అన్నీ కలిపిన ఆఖరి ధర కాగితం మీద రాయించుకోండి. ఆ రెండు అంకెల మధ్య తేడానే మీ అసలు తగ్గింపు. నా అనుభవంలో ఆ తేడా కొత్తదాని ధరలో ఎనిమిది శాతం దాటితే పాతది తీసుకోవచ్చు. దాటకపోతే కొత్త మోడలే మేలు. ఎందుకంటే మీరు ఇంటికి తెచ్చిన రోజే ఆ బండి లెక్కల్లో ఒక ఏడాది పాతది. మూడేళ్ళకి అమ్మేవాళ్ళకి ఆ ఏడాది గట్టిగా తగులుతుంది. మీలా పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి పెద్దగా తెలియదు. పదేళ్ళ బండినీ పదకొండేళ్ళ బండినీ కొనేవాడు మైళ్ళు, కండిషన్ చూసే కొంటాడు.

ఒక జాగ్రత్త: మొదటి రెండు మూడేళ్ళలో యాక్సిడెంట్ అయి బండి టోటల్ అయితే (బాగుచేయించడం దండగ అనేంత పాడైతే) ఇన్సూరెన్స్ వాళ్ళు మోడల్ ఇయర్ చూసే విలువ కడతారు. మీరు డౌన్ పేమెంట్ తక్కువ కడితే, అప్పు బండి విలువ కంటే ఎక్కువగా ఉండిపోవచ్చు. అలాంటప్పుడు ఆ తేడా కట్టే గ్యాప్ కవరేజ్ తీసుకోండి. డీలర్ దగ్గరే కొనక్కర్లేదు, మీ ఇన్సూరెన్స్ కంపెనీనీ, క్రెడిట్ యూనియన్‌నీ కూడా అడగండి.

మిగిలిపోయిన మోడళ్ళ మీద కంపెనీలు తరచుగా రెండు ఆఫర్లు పెడతాయి: నగదు రిబేట్ లేదా తక్కువ వడ్డీ. సాధారణంగా ఒకటే ఎంచుకోవాలి. రిబేట్ చేతికి కనిపిస్తుంది కాబట్టి మనవాళ్ళు చాలామంది అటు మొగ్గుతారు. లెక్క వేసి చూడండి. 50,000 అప్పు, 60 నెలలు. 1.9 శాతానికైతే మొత్తం కట్టేది దాదాపు 52,450. ఐదు వేలు రిబేట్ తీసుకుని మిగతా 45,000 బయట బ్యాంకులో 6.9 శాతానికి తెచ్చుకుంటే మొత్తం సుమారు 53,340. అంటే ఐదు వేల రిబేట్ వదులుకున్నా తక్కువ వడ్డీయే దాదాపు తొమ్మిది వందలు చవక. మీకు చెప్పిన రేట్లతో ఇదే లెక్క వేసుకోండి.

అప్పు మీద కొంటున్నట్టయితే ఇంకోటి. 2025 నుంచి 2028 దాకా, అమెరికాలో అసెంబుల్ అయిన కొత్త వాహనం సొంత వాడకానికి కొంటే, కారు లోన్ వడ్డీలో ఏడాదికి పది వేల డాలర్ల దాకా పన్ను లెక్కలో తగ్గించుకునే వీలుంది. ఆదాయం ఒంటరివాళ్ళకి లక్ష, దంపతులకి రెండు లక్షలు దాటాక ఆ ప్రయోజనం తగ్గుతూ పోతుంది. మిగిలిపోయిన మోడల్ అయినా మొదటి యజమాని మీరే అయితే అది కొత్తదే. ఎఫ్-150 డియర్‌బోర్న్‌లోనూ కాన్సస్ సిటీలోనూ తయారవుతుంది కాబట్టి బెంగ లేదు. సిల్వరాడో 1500 మాత్రం ఇండియానాలో, మెక్సికోలో, కెనడాలో మూడుచోట్లా తయారైంది. పక్కపక్కన నిలబడ్డ రెండు ఒకే రకం ట్రక్కుల్లో ఒకదానికి ఈ మినహాయింపు వచ్చి ఇంకోదానికి రాకపోవచ్చు. కిటికీ స్టిక్కర్ మీద ఫైనల్ అసెంబ్లీ ఎక్కడో రాసి ఉంటుంది, చూడండి.

ఇక "ఇది ఎందుకు మిగిలిపోయింది?" అన్న ప్రశ్న. మిగిలిన బండి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నేను మొదట వెతికేది దీనికి జవాబే. చాలాసార్లు జవాబు ఏ దోషమూ లేనిదే ఉంటుంది: రంగు నచ్చలేదు, ఎవరో ఆర్డర్ చేసి వద్దన్నారు, డీలర్ ఎక్కువ తెప్పించాడు. కానీ ట్రక్కుల్లో ఇంకో కారణం ఉంటుంది. ఆప్షన్ల కలయిక కుదరదు. ఖరీదైన ట్రిమ్, పెద్ద స్క్రీన్, లెదర్ సీట్లు అన్నీ ఉంటాయి, టో ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి ఫ్యాక్టరీలోనే బిగించే సరంజామా) ఉండదు. లేదా యాక్సిల్ నిష్పత్తి (వెనక ఇరుసు గేర్ అంకె, పెద్దదైతే లాగడం తేలిక) మైలేజీ కోసం పెట్టిన 3.31 ఉంటుంది. ట్రైలర్ లాగేవాళ్ళు దాన్ని చూసి వెళ్ళిపోతారు, అది అలా ఏడాది నిలబడుతుంది. ట్రైలర్ తగిలించే హిచ్ రిసీవర్ తర్వాత బిగించుకోవచ్చు. కూలింగ్, గేర్ నిష్పత్తి లాంటివి తర్వాత మార్చాలంటే మీకు మిగిలిన తగ్గింపంతా అక్కడే పోతుంది. మీకు 3.55 గానీ 3.73 గానీ యాక్సిల్, ఫ్యాక్టరీ టో ప్యాకేజీ, డాష్‌లోనే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఉండాలి. ఈ మూడూ లేకపోతే ఎంత తగ్గించినా ఆ బండి మీది కాదు.

ఇప్పుడు పేలోడ్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

బ్రోషర్‌లో "8 వేల పౌండ్లు లాగుతుంది" అని ఉంటుంది, మీ క్యాంపర్ 6,500, కాబట్టి సరిపోతుంది అనుకుంటాం. కానీ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కు వీపు మీద కూర్చుంటుంది. మీ 6,500లో పన్నెండు పదమూడు శాతం వేసుకుంటే సుమారు 800 పౌండ్లు. ఆ బరువుని ముందు చక్రాలకీ పంచే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఇంకో 100. మీరు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు కలిపి 500 అనుకుందాం. మొత్తం 1,400. ఇంకా కూలర్, సైకిళ్ళు, వెనక బెడ్‌లో కట్టెలు, గ్రిల్ ఏవీ లెక్కపెట్టలేదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద టైర్ల స్టిక్కర్ ఉంటుంది. "మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు" అని దాని మీద ఉన్న అంకె ఆ ఒక్క బండికి సంబంధించింది, బ్రోషర్ అంకె కాదు. పనోరమిక్ రూఫ్, పెద్ద చక్రాలు, ఎలక్ట్రిక్ ఫుట్‌బోర్డులు చేరేకొద్దీ అది తగ్గుతుంది. ఒకే రోజు, ఒకే లాట్‌లో, ఒకే పేరున్న రెండు ట్రక్కుల తలుపులు తెరిచి చూస్తే ఒకదాని మీద 1,340, ఇంకోదాని మీద 1,790 కనిపించాయి నాకు. సేల్స్ కుర్రాడికి కూడా ఆ తేడా తెలియదు.

మీకు కనీసం 1,650 కావాలి. మీ మూడు ట్రక్కుల్లో హైబ్రిడ్ ఇక్కడే వెనకబడే అవకాశం ఎక్కువ, బ్యాటరీ, మోటార్ బరువు పేలోడ్‌లోంచే పోతుంది. 2.7 టర్బో తేలికైన ఇంజిన్, అది ఇక్కడ కలిసొస్తుంది.

డీజిల్ ఎందుకు వద్దంటున్నానో నా సొంత కథే చెప్తాను. నా రెండో ట్రక్కు మిగిలిపోయిన మోడల్ డీజిల్. మంచి తగ్గింపు వచ్చింది, లాగే పని ఉంది కదా, డీజిలే మంచిది అనుకుని తీసుకున్నాను. నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటే: నా స్టోరేజ్ నుంచి ఫంక్షన్ హాళ్ళు చాలావరకు నాలుగైదు మైళ్ళు. బరువు ఎక్కువే, దూరం తక్కువ. ఒక శనివారం రాత్రి రిసెప్షన్ అయ్యాక సామానంతా ఎక్కించుకుని పన్నెండున్నరకి బయల్దేరాం. రోడ్డెక్కగానే ఎగ్జాస్ట్ ఫిల్టర్ నిండిందని డాష్‌బోర్డ్ మీద హెచ్చరిక వచ్చింది. అంతకుముందు రెండుసార్లు అదే వస్తే ఇంటికొచ్చేశాం కదా అని ఆపేశాను. ఈసారి ఐదు నిమిషాల్లో బండి బలం పడిపోయింది. యాక్సిలరేటర్ నేలకి నొక్కినా ముప్పై మైళ్ళు దాటలేదు. హజార్డ్ లైట్లు వేసుకుని పక్క లేన్‌లో పాకుతూ వచ్చాం, వెనక ట్రైలర్‌లో ఆదివారం ఉదయం ఇంకో పెళ్ళికి పెట్టాల్సిన మండపం. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం వర్క్‌షాప్‌లో మెకానిక్ డిప్‌స్టిక్ తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఆయిల్ ఫుల్ గీతకి వేలెడు పైన ఉంది, డీజిల్ వాసన గుప్పుమంది. అప్పుడు నాకు విషయం బాగా అర్థమైంది. డీజిల్ పొగలోని మసిని డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టి ఉంచుతుంది. అది నిండాక లోపలి వేడిని దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కి తెచ్చి ఆ మసిని కాల్చేస్తుంది, దీన్నే రీజెన్ అంటారు. అందుకోసం బండి ఇరవై ముప్పై నిమిషాలు ఆగకుండా నడవాలి. ఆ వేడి కోసం ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. చాలా ఇంజిన్లలో అందులో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. మధ్యలో బండి ఆపేస్తే మసి కాలదు, మళ్ళీ మళ్ళీ మొదలవుతుంది, ఆయిల్ పలచబడుతూ పోతుంది. ఆరు మైళ్ళ ఆఫీసు ప్రయాణం సరిగ్గా ఇదే పరిస్థితి. ఇంజిన్ వేడెక్కేలోపు మీరు పార్కింగ్‌లో ఉంటారు.

లాట్‌లో ఏడాది నిలబడ్డ డీజిల్‌కి ఇంకో సమస్య. దాన్ని అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి పది గజాలు జరిపి ఆపేస్తూ ఉంటారు, అంటే ఫిల్టర్‌కి మసి చేరుతుందే గానీ కాలే అవకాశం ఉండదు. పొగలోని విషవాయువుల్ని తగ్గించే డెఫ్ ద్రవం అని వేరే ట్యాంకులో పోస్తామే, అది 32.5 శాతం యూరియా కలిపిన నీళ్ళు. ఎండలో నెలల తరబడి ఉంటే పాడవుతుంది. టెక్సస్ ఎండాకాలం ఒకటి చూసిన డెఫ్‌ని నేను నమ్మను. చలిలో అయితే మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, దానికి బండిలోనే హీటర్ ఉంటుంది కాబట్టి అంత భయం అక్కర్లేదు.

డబ్బు లెక్క కూడా అంత గొప్పగా ఉండదు. ఏడాదికి 12,000 మైళ్ళు. గ్యాస్ (పెట్రోల్) ట్రక్ 19, డీజిల్ 25 మైలేజీ ఇస్తాయనుకుందాం. గ్యాస్ 632 గ్యాలన్లు, డీజిల్ 480 గ్యాలన్లు. గ్యాస్ మూడు డాలర్లు, డీజిల్ 3.70 అయితే ఏడాదికి 1,895 వర్సెస్ 1,776. మిగిలేది 120 డాలర్లు. అందులోంచే డెఫ్, ఫ్యూయల్ ఫిల్టర్లు. మీ ఊళ్ళో రేట్లు వేరైతే అంకెలు మార్చుకోండి.

డీజిల్ చెడ్డదని నేను అనను. రోజూ యాభై మైళ్ళు హైవే మీద తిరిగేవాళ్ళకి, నెలలో పది రోజులు బరువు లాగేవాళ్ళకి అదే కొనమంటాను. సిల్వరాడోలోని జీఎం 3.0 డీజిల్ 495 పౌండ్-ఫీట్ టార్క్‌తో కొండెక్కుతుంటే ఎంత హాయిగా ఉంటుందో నడిపినవాళ్ళకే తెలుసు. మీ పని అది కాదు, అంతే.

ఇక గ్యాస్ ఇంజిన్లలో ఏది? మీ కొలరాడో ప్రయాణం వల్లే నేను టర్బో అంటున్నాను. టర్బో లేని ఇంజిన్ ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి బలం కోల్పోతుంది, ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం. ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11 వేల అడుగుల పైన ఉంటుంది. 400 హార్స్‌పవర్ 5.0 వీ8 అక్కడికి చేరేసరికి దాదాపు 270కి దిగుతుంది. 325 హార్స్‌పవర్ 2.7 టర్బో పైన కూడా చాలావరకు తన బలం నిలబెట్టుకుంటుంది. పైగా దాని 400 పౌండ్-ఫీట్ టార్క్ తక్కువ ఆర్‌పీఎంలోనే అందుతుంది, వెనక ట్రైలర్ ఉన్నప్పుడు గేర్లు పదే పదే దిగవు.

మీరు కొండలవైపు వెళ్ళకపోతే నా జవాబు మారేది. మైదానంలోనే తిరిగేవాళ్ళకి పదేళ్ళ లెక్కలో 5.0 వీ8 చెప్తాను. టర్బో లేదు, ఇంటర్‌కూలర్ లేదు, వేడెక్కి పాడయ్యే భాగాలు తక్కువ. నా ఇప్పటి బండి టర్బో లేని వీ8నే, ఎనభై వేల మైళ్ళు దాటింది, ఆయిల్, టైర్లు, బ్రేకులు తప్ప ఏమీ అడగలేదు. మీ డీలర్ దగ్గర 2.7కి సరైన యాక్సిల్, టో ప్యాకేజీ లేక, 5.0కి ఉంటే, 5.0 తీసుకోండి. కొండ ఎక్కేటప్పుడు కుడి లేన్‌లో నెమ్మదిగా వెళ్తారు, అంతకుమించి నష్టం లేదు.

హైబ్రిడ్ గురించి ఒక్క మాట. 430 హార్స్‌పవర్, 570 పౌండ్-ఫీట్, ఊళ్ళో మైలేజీ బాగుంటుంది, 7.2 కిలోవాట్ల కరెంటు ఇచ్చే ఆప్షన్ ఉంటే క్యాంపర్ ఏసీ దాని మీదే నడుస్తుంది, వేరే జనరేటర్ మోయక్కర్లేదు. నాలాంటివాడికి ఫంక్షన్ లైట్లకి అది చాలా ఉపయోగం. ఆ బండి స్టిక్కర్ మీద పేలోడ్ 1,650 దాటి ఉంటే నేను దాన్నీ కాదనను. దాటకపోతే మాత్రం వదిలేయండి.

ఏం పోయించాలి. 2.7 టర్బోకి 87 చాలు. ఎండలో, కొండల్లో, ట్రైలర్‌తో వెళ్ళేటప్పుడు 91 గానీ 93 గానీ పోయించండి. నాక్ (ఇంధనం అదుపు తప్పి అంటుకుని ఇంజిన్ టకటకలాడటం) రాకుండా కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగాల్సిన అవసరం తగ్గుతుంది, బలం నిలబడుతుంది. ఖాళీ బండికి ప్రీమియం పోస్తే వచ్చేదేమీ లేదు. కొలరాడోలో ఒక విషయం జాగ్రత్త: అక్కడ చాలా బంకుల్లో "రెగ్యులర్" అని రాసింది 85 ఆక్టేన్. టర్బో లేని పాత కార్బ్యురేటర్ ఇంజిన్ల కాలంలో ఎత్తులో అది సరిపోయేది. మీ ట్రక్కుకి 87 కంటే తక్కువ పోయకూడదు, ముఖ్యంగా ట్రైలర్‌తో. అలవాటుగా ఎడమ చివరి బటన్ నొక్కేస్తాం, అక్కడ మాత్రం అంకె చదివి నొక్కండి.

ఇ85 చవగ్గా కనిపిస్తుంది. ఫ్లెక్స్ ఫ్యూయల్ బండ్లకి మాత్రమే అది పోయాలి, చాలా బండ్లలో గ్యాస్ మూత దగ్గర పసుపు రంగుతో గుర్తు ఉంటుంది. అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం దాకా ఉండొచ్చు, గ్యాలన్‌కి శక్తి తక్కువ, మైలేజీ నాలుగో వంతు దాకా పడిపోతుంది. అంటే గ్యాస్ కంటే పావు వంతుకు మించి చవగ్గా ఉంటేనే లాభం. ట్రైలర్‌తో ఊళ్ళు దాటి వెళ్ళేటప్పుడు అది పోస్తే బంకు బంకుకీ ఆగాల్సి వస్తుంది, నేనైతే పోయను.

బంకు హ్యాండిల్ రంగుని నమ్మకండి. చాలాచోట్ల ఆకుపచ్చ అంటే డీజిల్, ఒక పెద్ద కంపెనీ బంకుల్లో గ్యాస్‌కే ఆకుపచ్చ. రాత చదవండి.

ఇక లాట్‌లో నిలబడ్డ బండిని ఎలా చూడాలో. మోడల్ ఇయర్, తయారైన తేదీ వేర్వేరు. విన్ నంబర్‌లో (బండి గుర్తింపు సంఖ్యలో) పదో అక్షరం మోడల్ ఇయర్ చెప్తుంది: 2024కి ఆర్, 2025కి ఎస్, 2026కి టి. తలుపు దగ్గర స్టిక్కర్ మీద తయారైన నెల ఉంటుంది. 2025 మోడళ్ళే రెండు, ఒకటి పద్నాలుగు నెలల కిందటిది, ఇంకోటి నాలుగు నెలల కిందటిది కావచ్చు. అవకాశం ఉంటే రెండోది అడగండి. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు వారం, సంవత్సరం: 3224 అంటే 2024లో 32వ వారం. బ్యాటరీ టెస్ట్ చేయించి ప్రింట్ తీసుకోండి, బలహీనంగా ఉంటే కొనకముందే మార్పించండి, తర్వాత ఎవరూ పట్టించుకోరు. బానెట్ ఎత్తి ఎలుకలు చేరిన గుర్తులున్నాయేమో చూడండి, గ్లోవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ కూడా తీసి చూడండి. నా మొదటి మిగులు ట్రక్కులో ఆ ఫిల్టర్ మీద ఎండుగడ్డి, సీట్ ఫోమ్ ముక్కలు దొరికాయి, వైర్లన్నీ చెక్ చేయించాకే డెలివరీ తీసుకున్నాను.

వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో రాతపూర్వకంగా అడగండి. మామూలుగా మొదటి యజమానికి అమ్మిన రోజు నుంచి మొదలవుతుంది, మోడల్ ఇయర్‌తో సంబంధం లేదు. కానీ ఆ బండిని డెమోగా గానీ, సర్వీస్ లోనర్‌గా గానీ వాడి ఉంటే గడియారం అప్పటినుంచే తిరుగుతూ ఉంటుంది. ఓడోమీటర్ మీద 40 మైళ్ళు ఉంటే మామూలే. 1,800 ఉంటే దాని కథ చెప్పించండి. ఒకసారి సంతకాల గదిలో కాగితాలు తిప్పుతుంటే ఇన్-సర్వీస్ (వారంటీ మొదలైన) తేదీ పదకొండు నెలల వెనక్కి కనిపించింది. అడిగితే గానీ చెప్పలేదు. నేను లేచి వచ్చేశాను.

రీకాల్స్ (దోషం సరిచేయడానికి కంపెనీ బండ్లని వెనక్కి పిలవడం) కూడా చూడండి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో 17 అక్షరాల విన్ నంబర్ కొడితే పెండింగ్‌లో ఉన్నవి కనిపిస్తాయి. పెండింగ్ సేఫ్టీ రీకాల్ ఉన్న కొత్త బండిని డీలర్ అప్పగించడం చట్టరీత్యా కుదరదు, అయినా మీ కళ్ళతో మీరు చూసుకోండి. మిగులు బండ్లకి ఇది మరీ ముఖ్యం, లాట్‌లో ఉండగానే కొత్త రీకాల్ రావచ్చు. 2025 ఏప్రిల్‌లో జీఎం 6.2 వీ8 ఇంజిన్లకి, 2021-2024 మోడళ్ళలో, బేరింగ్ సమస్య మీద దాదాపు ఆరు లక్షల వాహనాలకి రీకాల్ వచ్చింది. తనిఖీలో నెగ్గిన ఇంజిన్లకి చిక్కటి 0డబ్ల్యూ-40 ఆయిల్ వాడమన్నారు. 2022, 2023 టయోటా టండ్రాలకి ఇంజిన్‌లో మిగిలిపోయిన లోహపు పొడి వల్ల రీకాల్ వచ్చింది. ఎవరైనా ఆ ఏళ్ళ బండిని "ఇంకా కొత్తదే" అని చవగ్గా ఇస్తానంటే, ఆ పని పూర్తయినట్టు కాగితం చూపించమనండి.

బండి ఇంటికి తెచ్చాక ట్యాంకులో పాత గ్యాస్ ఎంత ఉన్నా కొత్తది నింపేయండి. మొదటి వెయ్యి మైళ్ళు ట్రైలర్ తగిలించకండి. తయారై ఏడాది దాటి ఉంటే మొదటి ఆయిల్ మార్పు కోసం బండి చెప్పేదాకా ఆగొద్దు, వెయ్యి మైళ్ళకే మార్చేయండి. మీది చిన్న చిన్న ప్రయాణాలు కాబట్టి ఆ తర్వాత ప్రతి ఐదు వేలకి మార్చండి. టర్బో ఉన్న ఇంజిన్‌కి పదేళ్ళు బతకాలంటే అదే మందు.

మీరు ఈ వారాంతం డీలర్ దగ్గరికి వెళ్తానన్నారు కదా. మూడు ట్రక్కుల తలుపు స్టిక్కర్లు, టైరు కోడ్, కిటికీ స్టిక్కర్ పూర్తిగా, ఓడోమీటర్ ఫొటోలు తీయండి. 2.7 టర్బో యాక్సిల్ నిష్పత్తి ఎంతో కూడా రాసుకుని రండి. అవి ఇక్కడ పెడితే ఏది తీసుకోవచ్చో బండి బండికీ చూసి చెప్తాను. అప్పటిదాకా డిపాజిట్ కట్టకండి.